ముద్దలో ముద్ర

కిందటి వారం ఫేబీని జువ్వలదిన్నె రోడ్డు మీద, కారులో, పళ్ళు పటపట కొరుకుతుండగా వదిలిపెట్టాం. ఈలోగా మీ కోపాలు చల్లారి ఉంటాయి. పప్పు మాడిందనో కరెంటు పోయిందనో కొత్త కోపాలు వచ్చి ఉంటాయి. ఫేబీది మాత్రం అదే కోపం, అదే మంట. కారింకా ఊళ్ళోకి రాలేదు కాబట్టి, సంగతి ఒకసారి గుర్తు చేసుకుందాం.

బోగోలు చర్చి వెనక హాల్లో ఆడవాళ్ళకు రాగిసంకటి, చేపల పులుసు పెడుతున్నారు. ఊరికే పెట్టడం లేదు. రాగుల్లో ఇనుము ఉందని అందరికీ తెలుసు. తిన్నదాంట్లో ఒంటికి పట్టేదెంత, పట్టకుండా పోయేదెంత, పక్కన చేప ఉంటే ఎక్కువ పడుతుందా అని తేల్చే పరిశోధన అది. అందుకోసం సంకటిలో ఒక రకం ఇనుము కలుపుతారు. అదీ ఇనుమే. విషం కాదు, అణుబాంబుల సరుకూ కాదు. కాకపోతే దాని పరమాణువు మామూలు దానికంటే పిసరంత బరువు. ఐసోటోపు అంటారు. తిన్న రెండు వారాలకు నెత్తురు తీసి యంత్రంలో పెడితే, ఆ బరువు ఇనుము ఎంతవరకు నెత్తురులో కలిసిందో తెలిసిపోతుంది. ఆ హాలుకు సూపర్‌వైజరు ఫేబీ. వంట దగ్గర నుంచి నెత్తురు సీసాల దాకా అన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయి.

ఆమె చెల్లెలు లిల్లీ జువ్వలదిన్నె కోడలు. హార్బరుకు ఐసు లారీ తోలే బెన్హర్‌ను చేసుకుంది. బడిలో టీచరు. మనిషి పాలిపోయి ఉంటే ఫేబీయే ఈ పరిశోధనలో చేర్చింది. పొద్దున్నే బడికి పోవాలి కనుక, పరిశోధన నడిపే డాక్టరు నరేంద్రబాబు గారు దయతలచి, లిల్లీ తిండి క్యారియర్లో ఇంటికి పంపమన్నారు. తిండి వెళ్ళింది, గిన్నెలు ఖాళీగా తిరిగొచ్చాయి. నెత్తురులో మాత్రం ఆ ఇనుము జాడే లేదు. ఈ అమ్మాయి పేగులకు ఇనుము పట్టదని ఆయన తేల్చేశారు. మాత్రలు దండగని ఆపేశారు. కడుపులోకి గొట్టం వేసి చూడమని నెల్లూరుకు పంపబోయారు. మాత్రలు ఆగిన లిల్లీ బళ్ళో పిల్లల ముందే కళ్ళు తిరిగి పడింది. నొసటి మీద కుట్లు పడ్డాయి. అప్పుడు ఫేబీకి అనుమానం వచ్చింది. సుగర్ పరీక్ష అని చెప్పి లిల్లీ అత్త జయశీల నెత్తురు తీసి యంత్రానికి పంపింది. నిన్న సాయంత్రం జవాబు వచ్చింది. కోడలి నెత్తురులో లేని ఇనుము అత్త నెత్తురులో ఉంది. ఉండడమంటే ఏదో కాస్త కాదు, హాల్లో తిన్న ఏ ఆడమనిషి నెత్తురులోనూ అంత లేదు.

ఇదీ సంగతి. ఇంక కారు దిగుదాం.

జయశీల వాకిట్లో వల పరిచి నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండబెట్టింది. నడినెత్తిన ఎండ. ఆమె వంగి చేపల్ని చేత్తో తిరగేస్తూ, మధ్యమధ్య కాకుల్ని అదిలిస్తోంది. లిల్లీ వసారాలో మంచం మీద కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

"లిల్లీ, బట్టలు సర్దుకో. ఇప్పుడే పోతన్నాం," అంది ఫేబీ గేటు దగ్గరే నిలబడి.

"ఏంది మే, వచ్చీ రాకనే? ఎండన బడి వచ్చినావు. ముందు మంచినీళ్ళు తాగు," అంది జయశీల, నడుం పట్టుకుని లేస్తూ.

"మీ ఇంట్లో నీళ్ళు కూడా ఒద్దు నాకు. మీరు తినంగా మిగిలితే గదా ఇంకొకరికి!"

"ఏమన్నావు?"

"లిల్లీకని నేను క్యారియర్లో పంపిన సంకటి ఎవురు తిన్నారు అత్తా? గిన్నెలు తిరిగొచ్చినప్పుడు నేనే తూకం ఏసుకోని, నా చెల్లెలు ఒక్క మెతుకు మిగల్చలా అని మురిసిపోయినా. ఎవురు తిన్నారు?"

దొంగకు తేలు కుట్టినట్టు ఈవిడ గమ్మున ఉండిపోతుందని ఫేబీ అనుకుంది. ఆ మౌనం మీద వెయ్యాల్సిన మాటలన్నీ దారి పొడుగునా పేర్చుకుంటూ వచ్చింది. జయశీల ఆమెకు ఆ సుఖం లేకుండా చేసింది.

"నేనే తిన్నా. ఒక్క ముద్ద దానికి పెట్టలా. పులుసు గిన్నె కూడా నేనే నాకినా. అయితే ఏంది?"

ఫేబీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ళూ ఆమెను 'మీరు' తప్ప అనని నోటికి 'నువ్వు' వచ్చేసింది. "కోడలి నోటికాడ కూడు తిని, అయితే ఏందంటావా? నీకు తిండి లేదా? బెన్హర్ తెచ్చేది నీకు చాలలేదా? అడిగుంటే నీకు వేరే గిన్నె పంపనా నేను?"

"నోరు అదుపులో పెట్టుకో మే. మా ఇంట్లో తిని మా ఇంటి వాసాలే లెక్కపెడతన్నావు. ముందు ఇది చెప్పు. నేను తిన్నట్టు నీకెట్టా తెలిసింది? ఇది చెప్పిందా?"

మంచం మీది లిల్లీ తల అడ్డంగా ఊపింది.

"నీ నెత్తురే చెప్పింది," అంది ఫేబీ.

"నా నెత్తురు నువ్వు తీసింది సుగర్‌కి గదా?"

ఫేబీ చూపు వల మీది చేపల మీదికి పోయింది.

"సుగర్ లేదంట అత్తా, నిశ్చింతగా ఉండండి అని ఫోన్ జేసినావు గదా? దేవుడు నన్ను సుగర్ రాకుండా కాపాడినాడని ఆదివారం సంఘంలో లేచి సాక్ష్యం కూడా చెప్పినానే! నా చేత దేవుని సన్నిధిలో అబద్ధం చెప్పించినావా? కూడు తింటే దొంగతనం అంటన్నావు. మాయ మాట చెప్పి మనిషి నెత్తురు తీసకపోతే దాన్ని ఏమంటారు మీ చదువులో?"

హాల్లో ప్రతి ఆడమనిషికీ విషయమంతా చెప్పి, సరేననిపించుకోనిదే ఫేబీ సూది ముట్టుకోదు. అది ఆమె గొప్పగా చెప్పుకునే నియమం. ఈ ఒక్క మనిషి దగ్గర తప్పింది. తప్పని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. తెలిసి చేసిన తప్పును ఎదుటివాళ్ళు ఎత్తి చూపితే వచ్చే కోపం మామూలు కోపం కంటే చెడ్డది. ఆమె గొంతు ఇంకా పెరిగింది.

"తప్పే జేసినా. ఒప్పుకుంటా. కానీ నువ్వు తిన్నదాని వల్ల ఏం జరిగిందో నీకు తెలుసునా? దీనికి ఇనుము పట్టదని మాత్రలు ఆపేసినారు. బంగారంలాంటి పేగులున్న పిల్లకి గొట్టం ఏస్తామన్నారు. బళ్ళో పడింది. ఆ నొసలు చూడు. దాని నొసటి మీద కుట్లు చూడు!"

'నొసలు' అన్న మాట చెవిన పడగానే జయశీల ముఖం మారింది.

"ఆ నొసటి మీద ముద్ర పడకూడదనే గదే నేను తిన్నది!"

ఆ అరుపుకు వల మీది కాకులు లేచిపోయాయి. ముద్ర అన్న ఆ మాట ఎవరిదో ఫేబీకి తెలుసు. తనదే.

ఆ ఇనుమును చదువుకున్నవాళ్ళు లేబుల్ వేసిన ఇనుము అంటారు. బోగోలుకు రాకముందు కొడవలూరులో రైతుల ఇళ్ళల్లో దాన్ని తెలుగులో చెప్పాల్సి వచ్చినప్పుడు ఫేబీ 'ముద్ర వేసిన ఇనుము' అంది. రాఘవమ్మ అనే పెద్దావిడ, "మా ఎద్దు తొడ మీద ఏసినట్టా?" అని నవ్వింది. అందరికీ చిటికెలో అర్థమైంది. మాట భలే కుదిరిందనుకుని దాన్నే బోగోలుకు మోసుకొచ్చింది. బోగోలులో సమాధానం అనే పాస్టరు గారు ఆ నెలంతా ప్రకటన గ్రంథం మీద ప్రసంగాలు చేస్తున్నారు. కడవరి దినాల్లో మృగం వస్తుందని, మనుషుల కుడిచేతి మీదనో నొసటి మీదనో ముద్ర వేస్తుందని, ఆ ముద్ర పడినవాళ్ళ మీద దేవుని ఉగ్రత దిగుతుందని చెబుతున్నారు. అవి విని వణికిన ఆడవాళ్ళ ముందే నిలబడి ఫేబీ, "ఈ సంకటి తిన్నవాళ్ళ నెత్తురులో ముద్ర కనిపిస్తుంది" అని చల్లగా చెప్పింది. సండేస్కూల్లో వాక్యాలు అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్న పిల్లకు ఆ పూట యంత్రం తప్ప మృగం గుర్తుకు రాలేదు. మిగతావాళ్ళు కాసేపు గుసగుసలాడుకుని, ఫేబీ మన పిల్లే గదా అని సర్దుకున్నారు. ఆదివారాలు ఆ చర్చికే వచ్చే జయశీల సర్దుకోలేదు.

"వెనక బెంచీలోంచి లేచి అడిగినా గదా నేను," అంది జయశీల. "ఏం ముద్రమ్మా, ఎవురి ముద్ర, అని అడిగినా. ఆ డాక్టరు నవ్వినాడు. మంచి ముద్రేలే పెద్దమ్మా, కూర్చో అన్నాడు. నువ్వు కూడా నవ్వినావు. నేను అడిగినదానికి మీలో ఒక్కరన్నా జవాబు చెప్పినారా?"

చెప్పలేదు. నవ్విన మాటా నిజమే.

"ఒద్దంటే నువ్వు వినవు. ఇదేమో అక్క మాట దాటదు. అందుకని క్యారియరు రాంగానే నేను కూర్చోని తిన్నా. దీనికి కోడిగుడ్డు ఉడకబెట్టి వేరే పెట్టినా. ముద్ర పడితే నా మీద పడనీ. నేను ఎట్టా పోయేదాన్నే. దేవుని ముందర నేనే నిలబడతా, కాల్చుకుంటే నన్ను కాల్చుకుంటాడు. ఆ దినం నుంచి ప్రభు బల్ల కూడా ముట్టలా. చర్చిలో ప్రభు రొట్టె నా ముందరికొస్తే పక్కకి అందిస్తన్నా. ఆ ముద్ర తిన్న నోటితో దాన్ని ఎట్టా తినేది?"

ఇప్పుడు ఎవర్ని తిట్టాలి? ఈ మనిషి నరకానికి పోతానని మనసారా నమ్మి, కోడలి కోసం ఆ సంకటి మింగింది. మింగి, కోడల్నే పడేసింది. ఇంత ప్రేమ, ఇంత మూర్ఖత్వం ఒకే మనిషిలో ఎట్లా ఉంటాయో ఫేబీకి అర్థం కాలేదు. ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. కోపమే ముందు బయటపడింది, పక్కనున్న లిల్లీ మీద.

"నీకు తెలుసా ఇదంతా?"

"తెలుసు. నాకు పొద్దున్నే సంకటి సయించదు. అత్త తింటానంటే బతికినా అనుకున్నా. ముద్ర సంగతి నాకేం చెప్పలా. మాత్రలు ఆపినప్పుడు నీకు చెప్తానంటే, బైబిలు మీద నా చెయ్యి పెట్టించి ఒట్టేయించుకునింది. చెప్తే మీరు మళ్ళా మొదట్నుంచీ తినిపిస్తారంట."

"అందుకని గొట్టం ఏయించుకోడానికి తయారైనావా?"

లిల్లీ చేతిలోని పేపర్ల కట్ట మంచం మీద విసిరికొట్టింది. ఆ పిల్లకు కోపం వస్తుందని ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"ఆమె నా ఆత్మకు ఏది మంచిదో ఆమే తేల్చుకునింది. నువ్వు నా ఒంటికి ఏది మంచిదో నువ్వే తేల్చుకున్నావు. నడిమధ్యన నన్నెవురన్నా అడిగినారా? వచ్చీ రాకనే బట్టలు సర్దుకో అంటన్నావు. ఇది నా ఇల్లక్కా! నేనేమన్నా మీ క్యారియరు గిన్నెనా, ఆడికీ ఈడికీ మొయ్యడానికి?"

ఫేబీ అరుగు మీద కూలబడింది. నిన్న జయశీల నెత్తురు పరీక్షలో వచ్చిన అంకె ఆమెకు మళ్ళీ గుర్తుకొచ్చింది.

నిన్న ఆ అంకె చూసి ఎంత సంబరపడింది! ఇంత ఉందంటే ఎంత మింగి ఉంటుందో అనుకుంది. ఆ పని నేర్చిన మనిషి అనుకోవాల్సిన మాటేనా అది? గిన్నెలో వేసే ఇనుము అందరికీ ఒకటే కొలత. తిన్నది అంతే అయినప్పుడు నెత్తురులో ఎక్కువ కనిపించిందంటే, ఆ ఒళ్ళు ఎక్కువ లాక్కుందని. ఒళ్ళు ఊరికే లాక్కోదు. నిల్వ ఉన్నప్పుడు తిన్నదాన్ని చాలావరకు వదిలేస్తుంది. అడుగంటినప్పుడు దొరికిన ప్రతి రవ్వనూ పట్టుకుంటుంది. హాల్లోని పడుచు ఆడవాళ్ళలో సగం మంది పాలిపోయినవాళ్ళే. వాళ్ళందరి కంటే ఈ ముట్లుడిగిన మనిషి ఒంట్లో కరువు ఎక్కువగా ఉంది. ఫేబీ ఆ అంకెను దొంగతనానికి రుజువుగా పట్టుకొచ్చింది. జబ్బుకు రుజువని రాత్రి నుంచి ఒక్కసారైనా తట్టలేదు.

ఆమె లేచి వెళ్ళి జయశీల చెయ్యి పట్టుకుంది.

"వదులు మే."

"కళ్ళు చూడనీ అత్తా."

కింది రెప్ప లాగి చూసింది. ఎరుపన్నది లేదు. గోళ్ళు చూసింది, అక్కడా లేదు. ఎండలో బతికే నల్లని మనిషి కనుక పాలిపోయిందని పైకి తెలియలేదు. తెలియకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ వయసు ఆడవాళ్ళను పరిశోధనలో చేర్చుకోలేదు, ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

"నేను ఎట్టా పోయేదాన్నే అన్నావే, ఎందుకన్నావు ఆ మాట?"

"వయసు అయిపోలా?"

"వయసైపోయినాక ఆడదాని ఒంట్లో నెత్తురు నిలవాల. తగ్గకూడదు. నీది యాడికి పోతోంది?"

జయశీల చెయ్యి విదిలించుకుంది. "మళ్ళా నా నెత్తురు జోలికి వస్తావా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతాది. నా సంగతి నీకెందుకు? దాన్ని తీసకపోడానికి గదా వచ్చినావు, తీసకపో!"

"ఉప్పు గోతాల వెనక గుడ్డలు చూసినా అక్కా," అంది లిల్లీ.

"లిల్లీ!"

"ఈ సంగతికి నేను ఒట్టెయ్యలా," అంది లిల్లీ. "ఉతికి దాచిన పాత గుడ్డలు. ఎన్ని ఉతుకులు ఉతికినా మరక పోలా. చేపల నెత్తురనుకున్నా మొదట. చేపల నెత్తురు తుడిచిన గుడ్డని ఎవురు దాచుకుంటారు?"

జయశీల కోడలి వైపు చూసిన చూపుకు ఇంకొకరైతే ఇంట్లోకి పారిపోయేవాళ్ళు. లిల్లీ కదల్లేదు. చివరికి పెద్దావిడే చూపు దించుకుంది.

"ఆగిపోయింది మళ్ళా కనబడితే, వయసు వెనక్కి తిరిగిందే అని నవ్వుకున్నా మొదట్లో," అంది. "తర్వాత నవ్వు రాలా. మగబిడ్డతో ఈ మాట ఎట్టా చెప్పేది? పాస్టరుగారి భార్యతో చెప్తే ప్రార్థనలో ఊరంతా వినేటట్టు పేరు చదువుతారు. దేవుడికి తెలుసు, చాల్లే అనుకున్నా."

ముట్లుడిగాక మళ్ళీ నెత్తురు కనబడితే ఒక్కరోజు కూడా ఊరుకోకూడదని ఫేబీకి తెలుసు. గర్భసంచిలో ఏం దాగి ఉండొచ్చో కూడా తెలుసు. ఆ జబ్బు పేరు పైకి అనడానికి నోరు రాలేదు. ఆమెకు భయం వేసింది. భయం వేస్తే ఫేబీకి అరవడమొకటే తెలుసు.

"కారెక్కు! ఇప్పుడే నెల్లూరు పోవాల!"

"రాను."

"నేను నిన్ను అడగడంలా!"

"అడుగు మే!" జయశీల ఆమె కంటే గట్టిగా అరిచింది. "ఇప్పుడన్నా అడగడం నేర్చుకో!"

ఫేబీ ఊపిరి బిగబట్టి, వదిలింది. "మీ ఒంట్లో చాలా చెడ్డగా ఉంది అత్తా. అది సంకటి వల్ల వచ్చింది కాదు, ముద్ర వల్ల వచ్చింది కాదు. డాక్టరమ్మకి చూపించాల. మీరు వస్తారా?"

జయశీల ఈసారి రానని అనలేదు. లిల్లీ లోపలికి పోయి, గబగబా సంచి సర్ది తెచ్చి వసారా మెట్టు మీద పెట్టింది.

అప్పుడే గేటు ముందు ఐసు లారీ ఆగింది. బెన్హర్ దూకి దిగాడు. పెళ్ళాం బళ్ళో పడినప్పటి నుంచి అతనికి సరిగ్గా నిద్ర లేదు. ఈడ ఉంటే మళ్ళా పడతాది, మీ దగ్గర పెట్టుకోని చూపించండి అని ఫేబీకి ఫోన్ చేసింది కూడా అతనే.

"వచ్చినారా వదినా. మంచిపని జేసినారు."

ఫేబీ నోరు తెరిచేలోపల జయశీల అందుకుంది. ఇందాకటి అరుపులు అరిచిన గొంతేనా అనిపించేంత నెమ్మదిగా, "అవున్రా. లిల్లీని పుట్టింటికి తీసకపోతన్నారు. ఆ సంచి కార్లో పెట్టు," అంది. అంటూ ఫేబీ వైపు ఒక చూపు చూసింది. నోరు మెదిపినావంటే చూసుకో అని ఆ చూపు.

బెన్హర్ సంచి ఎత్తి భుజాన వేసుకున్నాడు.

"దించండి," అంది లిల్లీ. "దాన్లో నా బట్టలు లేవు. మీ అమ్మ చీరలు."

"అమ్మవెందుకు?"

"దానికి మతి చలించింది. ఎవురు ఏమన్నా వినబాక," అంది జయశీల. "నాకు శానా పనుంది. మీరు మీరు మాట్లాడుకోండి." చేపలు తిరగెయ్యడానికి వల వైపు తిరిగి నడిచింది.

అంతసేపూ ఆమె వాళ్ళకు ఎదురుగానే నిలబడి ఉంది. ఇప్పుడు ఆ ఎండలో ఆమె చీర వెనక వైపు నెత్తురు మరక ముగ్గురికీ కనబడింది. ఫేబీ పరుగెత్తి తన చున్నీ అడ్డం పెట్టబోయింది కానీ అందుకోలేకపోయింది. బెన్హర్ భుజం మీది సంచి జారి కింద పడింది.

వెనక మాటలు ఒక్కసారిగా ఆగిపోయేసరికి జయశీలకు తెలిసిపోయింది. ఆమె వెనక్కి తిరగలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టి చీర కప్పుకుంటూ, ఊరంతా వినబడేట్టు అరిచింది.

"చూడబాక రా! నువ్వు చూడబాక!"